శిఖరాలూ, రుజువులూ

ప్రపంచంలో అతి పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం ఏది అని అడిగితే మా సుభాష్‌పల్లిలో ఇప్పటికీ ఖరగ్‌పూర్ అనే జవాబు వినబడుతుంది. మన ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. చాలా ఏళ్ళు అది నిజంగానే రికార్డు. 2013లో గోరఖ్‌పూర్‌లో 1366 మీటర్ల ప్లాట్‌ఫారం వచ్చింది. 2023లో హుబ్బళ్ళిలో 1507 మీటర్లది ప్రారంభించారు. మనది చిన్నదైపోలేదు, ఎక్కడిదక్కడే ఉంది. కానీ "అతి పొడవైన" అన్న మాట మాత్రం మన దగ్గర్నుంచి వెళ్ళిపోయింది. చిన్నప్పుడు నేర్చుకున్న జనరల్ నాలెడ్జి మనసులోంచి అంత సులభంగా పోదు కాబట్టి మనం ఇంకా ఆ మాటే చెప్పుకుంటున్నాం.

పర్వత శిఖరాల కథ కూడా సరిగ్గా ఇలాంటిదే. "అతి ఎత్తైన శిఖరం" అన్న బిరుదు ఒకప్పుడు దక్షిణ అమెరికాలోని చింబొరాజోది. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు సర్వేయర్లు నేపాల్‌లోని ధవళగిరిని కొలిచి 26 వేల అడుగుల పైన ఉందంటే యూరప్ పండితులు నవ్వారు, అంత ఎత్తు కొండ ఉండదన్నారు. తర్వాత నమ్మక తప్పలేదు. 1840లలో డార్జిలింగ్ వైపు నుంచి కొలిస్తే కాంచనజంగ దాన్ని మించింది. ఆ తర్వాత పదేళ్ళలోపే దాన్ని కూడా పక్కకి నెట్టి "15వ నెంబరు శిఖరం" ముందుకొచ్చింది. దాన్నే మనం ఎవరెస్టు అంటున్నాం. కొండలు పెరగలేదు, తరగలేదు. కొలత మెరుగయింది, అంతే.

హేతువాదులకి పర్వతాలతో ఏం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. చాలా పని ఉంది. ఒక శిఖరం ఎంత ఎత్తు, దాన్ని ఎవరు ఎక్కారు, ఎవరూ ఎందుకు ఎక్కలేదు అనే మూడు ప్రశ్నల చుట్టూ ఎన్ని అబద్ధాలు, ఎన్ని భక్తి కథలు, ఎన్ని దేశభక్తి కథలు అల్లుకున్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ మూడింటికీ జవాబులు నమ్మకం నుంచి రాలేదు, రుజువు నుంచి వచ్చాయి. ఆ రుజువు కోసం పనిచేసినవాళ్ళలో, ప్రాణం పెట్టినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అందులో ఒకాయన మన ఖరగ్‌పూర్‌లోనే చదువుకున్నాడు.

ఎత్తు ఎలా తెలిసింది?

మొదటి ప్రశ్న: అంత దూరాన ఉన్న కొండని, కాలు పెట్టకుండా, ఎలా కొలిచారు?

1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఒక ఆధారరేఖని గొలుసుతో కొలవడంతో మొదలైంది ఈ కథ. ఒక త్రిభుజంలో ఒక భుజం, కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కకట్టవచ్చు. మనం తొమ్మిదో తరగతిలో చదివినదే. ఆ త్రిభుజం పక్కన ఇంకో త్రిభుజం, దాని పక్కన మరొకటి. అలా కన్యాకుమారి వైపు నుంచి, హైదరాబాద్ సంస్థానం మీదుగా, హిమాలయాల పాదాల దాకా త్రిభుజాల గొలుసు పరిచారు. దానికి సుమారు 40 ఏళ్ళు పట్టింది. లాంబ్టన్ ఆ పని మధ్యలోనే 1823లో చనిపోయాడు. తర్వాత జార్జి ఎవరెస్టు పూర్తి చేశాడు. అడవుల్లో మలేరియాతో, పులుల బారిన పడి ఎందరు కూలీలు, ఖలాసీలు పోయారో వాళ్ళ పేర్లు ఏ పటం మీదా లేవు.

నేపాల్ రాజు సర్వేయర్లని లోపలికి రానివ్వలేదు. అందుకని 1849-50లో బీహార్ మైదానాల్లో, శిఖరానికి సుమారు 175 కిలోమీటర్ల దూరంలో థియోడలైట్లు పెట్టి కోణాలు కొలిచారు. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి 175 కిలోమీటర్ల దూరంలో ఉన్న వస్తువు మన దృష్టిరేఖకి 2400 మీటర్లు కిందకి దిగిపోయినట్టు లెక్క. అంటే భూమి బల్లపరుపు అనుకుని ఎవరెస్టుని కొలిచినవాడు దాని ఎత్తులో నాలుగో వంతుకి పైగా పోగొట్టుకుంటాడు! ఇంకో వైపు గాలిలో కాంతి వంగడం వల్ల శిఖరం అసలు కన్నా పైన ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ దూరానికి ఈ తేడా సుమారు 300 మీటర్లు. అదీ గాలి వేడిని బట్టి పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా మారుతుంది. ఇవన్నీ సరిదిద్దితే గాని నిజమైన ఎత్తు రాదు. భూమి బల్లపరుపుగా ఉందని వాదించేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు గనక ఈ లెక్క గుర్తుపెట్టుకోవడం మంచిది.

మరో చిక్కు కూడా వచ్చింది. తూకపు గుండు దారం నిలువుగా వేలాడాలి కదా. పక్కన హిమాలయాలంతటి రాశి ఉంటే అది గుండుని తనవైపు లాగుతుంది. ఎంత లాగాలో కలకత్తాలో ఉన్న ప్రాట్ అనే క్రైస్తవ మతాధికారి 1855 ప్రాంతంలో లెక్కకట్టాడు. లెక్క ప్రకారం లాగవలసినంత నిజంగా లాగడం లేదని తేలింది. ఎందుకు? కొండల కింద భూమి లోపల ఉన్న పదార్థం తేలికగా ఉండాలి. మంచుగడ్డ నీళ్ళలో తేలినట్టు కొండలు కూడా లోపలి పొరల మీద తేలుతున్నాయి అన్న ఆలోచనకి ఇదే పునాది. ఒక మతాధికారి గణితం చేశాడు కాబట్టి మనం ఆ గణితాన్ని తీసుకుంటాం. ఆయన ప్రవచనం చెప్పి ఉంటే తీసుకునేవాళ్ళం కాదు. తేడా మనిషిలో కాదు, పద్ధతిలో ఉంది.

1856లో ఆండ్రూ వా ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. 1950లలో భారత సర్వే సంస్థ 29,028 అడుగులు, అంటే 8848 మీటర్లు అని తేల్చింది. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి 8848.86 మీటర్లు అని ప్రకటించాయి. ఉపగ్రహాలు లేని రోజుల్లో 175 కిలోమీటర్ల దూరం నుంచి చేసిన లెక్కకీ నేటి లెక్కకీ తేడా పది మీటర్లలోపే. ఏ ఋషీ ధ్యానంలో చూసి ఈ అంకె చెప్పలేదు.

అసలు "సముద్ర మట్టానికి" అంటే ఏ సముద్రం? మన స్టేషన్ బోర్డు మీద పేరు కింద సముద్ర మట్టానికి ఎత్తు రాసి ఉంటుంది కదా. ఖరగ్‌పూర్‌ది సుమారు 29 మీటర్లు. దేశమంతటికీ ఒకే ఆధారం ఉండాలని తొమ్మిది రేవుల్లో ఏళ్ళ తరబడి అలల మట్టం కొలిచి సగటు తీశారు. 1909 నాటి ఆ లెక్కలో ఉన్న రేవుల్లో విశాఖపట్నం ఒకటి. ఉత్తరాంధ్ర నుంచి తాతల నాడు బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలకి ఇది నచ్చే ముక్క. దేశంలో ఎత్తుల లెక్కలో మన ఊరి అలలు కూడా ఉన్నాయి.

రాధానాథ్ సిక్దార్ కథలో నిజమెంత?

బెంగాల్‌లో ఉంటూ ఈ పేరు వినకుండా ఉండలేం. 1852లో ఒక రోజు రాధానాథ్ సిక్దార్ పరుగున వా గదిలోకి వచ్చి, ప్రపంచంలో అతి ఎత్తైన శిఖరాన్ని కనిపెట్టానని చెప్పాడని కథ. వినడానికి చాలా బాగుంది. అయితే 1849 నుంచి సిక్దార్ కలకత్తా ఆఫీసులో ఉన్నాడు. వా కేంద్రం డెహ్రాడూన్. మధ్యలో వెయ్యి కిలోమీటర్లకి పైగా దూరం, రైలు కూడా లేదు. ఏ గదిలోకి పరిగెత్తాడు? ఈ లెక్క ఒక్క ఉదయంలో తేలిందీ కాదు. చాలామంది గణకులు ఏళ్ళ తరబడి చేసిన పని అది. వాళ్ళందరికీ ప్రధాన గణకుడు సిక్దార్.

పరుగు కథ తీసేస్తే సిక్దార్ చిన్నవాడైపోతాడా? కాదు, ఇంకా పెద్దవాడవుతాడు. ఆయన హిందూ కాలేజీలో డెరోజియో ప్రభావంలో పెరిగిన వాడు. శాస్త్రాలు చెప్పాయి కాబట్టి ఒప్పుకోవాలి అన్న మాటని ప్రశ్నించిన యువ బెంగాల్ బృందంలో ఒకడు. 1843లో డెహ్రాడూన్‌లో ఒక ఇంగ్లీషు మేజిస్ట్రేటు సర్వే కూలీల చేత తన సామాను వెట్టిగా మోయిస్తుంటే అడ్డం తిరిగాడు. కేసు నడిచింది, 200 రూపాయల జరిమానా పడింది. ఆ రోజుల్లో 200 రూపాయలంటే ఎంతో ఆలోచించండి. 1851లో వచ్చిన సర్వే విద్య గ్రంథంలో సాంకేతిక భాగాలు ఆయన రాసినవేనని ముందుమాటలో చెప్పారు. ఆయన 1870లో చనిపోయాడు. 1875 ముద్రణలో పేరు తీసేశారు. దాని మీద ఆనాటి ఇంగ్లీషు పత్రికలోనే నిరసన వచ్చింది.

ఇవి రికార్డుల్లో ఉన్న సంగతులు. రికార్డు ఉన్న గౌరవం వదిలేసి, రికార్డు లేని పరుగుని పట్టుకుని ఎందుకు వేలాడాలి? ఆంగ్లేయుల అన్యాయం చూపించడానికి మనకి కట్టుకథ అక్కర్లేదు. కట్టుకథ ఒకటి దొరికితే ఎదుటివాడు నిజాన్ని కూడా దానితో కలిపి కొట్టిపారేస్తాడు.

పేరు సంగతీ ఇంతే. స్థానికంగా పేరు దొరకలేదని వా తన పాత అధికారి పేరు పెట్టాడు. అలా పెట్టడం జార్జి ఎవరెస్టుకే ఇష్టం లేదు. టిబెట్ వైపు చోమోలుంగ్మా అన్న పేరు అంతకు నూరేళ్ళ ముందే చైనా పటాల్లో ఉంది. "సాగర్‌మాథా" వేదకాలం నాటిదని మనవాళ్ళు కొందరు రాస్తుంటారు. ఆ పేరుని 20వ శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చింది నేపాలీ చరిత్రకారుడు బాబూరాం ఆచార్య.

ఎక్కినవాళ్ళు, మోసినవాళ్ళు

ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాలు 14 ఉన్నాయి. అన్నీ హిమాలయ, కారకోరం శ్రేణుల్లోనే. మొదటిది అన్నపూర్ణ, 1950 జూన్ 3న ఫ్రెంచివాళ్ళు ఎక్కారు. చివరిది శిశాపాంగ్మా, 1964లో చైనావాళ్ళు ఎక్కారు. వేల ఏళ్ళుగా దేవతల నివాసాలన్నవి 14 ఏళ్ళలో అయిపోయాయి. దేవతలు మారలేదు. ఆక్సిజన్ సిలిండర్లు, నైలాన్ తాళ్ళు, వాతావరణ సూచనలు, తేలికైన బూట్లు వచ్చాయి.

1953 మే 29న ఎవరెస్టు మీద టెన్సింగ్ నార్గే దేవతలకి మిఠాయిలు పెట్టాడు. పక్కనే ఎడ్మండ్ హిల్లరీ తమ నాయకుడు ఇచ్చిన చిన్న శిలువ పాతిపెట్టాడు. రెండు నమ్మకాలూ ఒకే మంచులో పక్కపక్కనే ఉన్నాయి. ఏ ఒక్కటీ రెండోదానికి అడ్డు చెప్పలేదు. కానీ వాళ్ళని పైకి చేర్చింది 350 మందికి పైగా కూలీలు మోసిన సామాను, రెండున్నర నెలల క్రమబద్ధమైన పని. పైన హిల్లరీ టెన్సింగ్ ఫోటో తీశాడు. అన్ని వైపులా కిందకి దిగే గట్ల ఫోటోలు కూడా తీశాడు. ఎందుకు? మేం ఎక్కాం అంటే లోకం నమ్మదు, చూపించాలి అని. ముందు ఎవరు కాలు పెట్టారన్న గొడవ కూడా తేలింది. హిల్లరీ కొన్ని అడుగులు ముందున్నాడని టెన్సింగే 1955 నాటి తన జీవితకథలో చెప్పాడు.

విజ్ఞానం కూడా తప్పు చెబుతుంది, కానీ తనని తాను దిద్దుకుంటుంది. ఆక్సిజన్ సిలిండరు లేకుండా ఎవరెస్టు ఎక్కితే మనిషి బతకడని చాలామంది నిపుణులు అనుకున్నారు. 1978 మే 8న మెస్నర్, హాబెలర్ ఎక్కి దిగి చూపించారు. అప్పుడు శాస్త్రజ్ఞులు ఇది మహిమ అనలేదు. 1981లో ఒక అమెరికన్ వైద్య బృందం శిఖరం మీద గాలి పీడనం కొలిచింది. 253 మిల్లీమీటర్ల పాదరసం. సముద్ర మట్టం దగ్గర ఉండే దానిలో మూడో వంతు. పాత అంచనాల కన్నా అది కొంచెం ఎక్కువ. మనిషి బతికి బయటపడడానికి ఆ కొంచెమే చాలింది. తప్పు ఎక్కడుందో వెతికి దొరకబుచ్చుకున్నారు.

మోసినవాళ్ళ సంగతి మాత్రం ఎప్పుడూ చివరే వస్తుంది. 1922లో ఎవరెస్టు దారిలో మంచు విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. 2014 ఏప్రిల్ 18న ఖుంబూ మంచుపాతంలో 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. 1954లో ఇటలీ బృందం కే2 ఎక్కినప్పుడు పై శిబిరానికి ఆక్సిజన్ మోసుకెళ్ళిన హుంజా కూలీ అమీర్ మెహ్దీ, యువకుడు బొనాటీ రాత్రంతా గుడారం లేకుండా మంచులో గడిపారు. మెహ్దీ కాలి వేళ్ళు పోయాయి. నింద మాత్రం బొనాటీ మీద పడింది. అధికారిక కథనం తప్పని ఇటలీ పర్వతారోహక సంఘం ఒప్పుకోవడానికి 50 ఏళ్ళు దాటింది.

ఖరగ్‌పూర్‌లో చదివిన మస్తాన్‌బాబు

మల్లి మస్తాన్‌బాబు 1974లో నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం అనే చిన్న పల్లెలో పుట్టాడు. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. ఆ స్కూలు పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఎం.యు.బి. రావు 1985లో సైన్యం ఎవరెస్టు యాత్రలో చనిపోయాడు. కొండల మీదకి మస్తాన్‌బాబు మనసు మళ్ళడానికి ఆయనే స్ఫూర్తి. తర్వాత జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగ్, మన ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో ఎం.టెక్, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తర్వాత కలకత్తా ఐ.ఐ.ఎం. ఇంత చదువుకున్నవాడు పెద్ద జీతం వదిలి కొండలెక్కడానికి వెళ్ళాడు.

2006లో ఏడు ఖండాల్లో అతి ఎత్తైన ఏడు శిఖరాలని 172 రోజుల్లో ఎక్కాడు. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్, ఫిబ్రవరి 17న అకాంకాగువా, మార్చి 15న కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కాజియస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న ఎల్బ్రుస్, జూలై 10న డెనాలి. ఈ తేదీలు కేలండర్‌లో చూస్తే వరుసగా గురు, శుక్ర, బుధ, శని, ఆది, మంగళ, సోమవారాలు. ఏడు శిఖరాలు, ఏడు ఖండాలు, ఏడు నెలలు, ఏడు వారాలు!

సంఖ్యాశాస్త్రం వాళ్ళకి ఇది పండగే. మనం మాత్రం ఒక లెక్క చేద్దాం. ఏ ఏడు రోజులని తీసుకున్నా అవి ఏడు వేర్వేరు వారాలు కావడానికి అవకాశం ఎంత? 5040ని 8,23,543తో భాగించాలి. సుమారు 163లో ఒకటి. అరుదే, కానీ అద్భుతం కాదు. నెలకో శిఖరం చొప్పున పెట్టుకుంటే ఏడు నెలలు దానంతట అదే వస్తుంది. ఇందులో నిజంగా గొప్ప విషయం ఏడు అంకె కాదు. మైనస్ 30 డిగ్రీల చలి నుంచి భూమధ్యరేఖ దాకా, ఖండం నుంచి ఖండానికి, విమానం టిక్కెట్లు, అనుమతులు, డబ్బు, ఒంట్లో శక్తి, అన్నీ ఒక్కడే సమకూర్చుకోవడం. అంకెకి దండం పెడితే ఆ మనిషి శ్రమ కనబడకుండా పోతుంది.

ఏడు శిఖరాల జాబితాలో కూడా వివాదం ఉంది. ఆస్ట్రేలియా ఒక్కటే ఖండం అనుకుంటే కాజియస్కో. న్యూగినీ దీవిని కూడా కలిపితే అక్కడి కార్స్‌టెన్స్ పిరమిడ్ చాలా ఎత్తు, చాలా కష్టం. ఏ జాబితా ప్రకారం అన్నది చెప్పకుండా రికార్డు అనడం అర్థం లేని మాట. మస్తాన్‌బాబు ఎక్కింది కాజియస్కో ఉన్న జాబితా. 172 రోజుల కన్నా తక్కువలో ఆ తర్వాత ఇతరులు పూర్తి చేశారు. రికార్డు పోయినా చేసిన పని పోలేదు.

2015 మార్చి 24న చిలీ, అర్జెంటీనా సరిహద్దులో 6700 మీటర్లు దాటిన త్రెస్ క్రూసెస్ సుర్ పర్వతం మీద ఒంటరిగా ఎక్కుతూ ఆయన కనబడకుండా పోయాడు. వాతావరణం చెడిపోయింది. ఏప్రిల్ మొదటి వారంలో మృతదేహం దొరికింది. నెలాఖరుకి స్వగ్రామం చేరింది. అప్పుడు కొందరు కొండ తనవాణ్ణి తాను తీసుకుందని రాశారు. దుఃఖంలో అన్న మాటని తప్పు పట్టం. కానీ కొండకి ఇష్టాయిష్టాలు లేవు. గాలి, చలి, ఒంటరితనం ఉన్నాయి. అలా చూస్తేనే తర్వాత వెళ్ళేవాడు ఏదన్నా నేర్చుకుంటాడు. తీసుకుంది అనుకుంటే నేర్చుకునేది ఏమీ లేదు.

ఎక్కామని చెప్పినవాళ్ళు

2016లో పూణె పోలీసు దంపతులు ఎవరెస్టు ఎక్కామని చెప్పి నేపాల్ ప్రభుత్వ సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఆ ఫోటోలు నావి, మార్చి వాడుకున్నారని బెంగాలీ పర్వతారోహకుడు సత్యరూప్ సిద్ధాంత బయటపెట్టాడు. నేపాల్ వాళ్ళని పదేళ్ళు నిషేధించింది. 2017లో ఉద్యోగాలూ పోయాయి. అదే 2016లో ఎక్కామన్న మరో ఇద్దరు భారతీయుల సంగతి 2020లో ఒకరిని జాతీయ పురస్కారానికి ఎంపిక చేశాక గాని బయటపడలేదు. 2021లో నేపాల్ వాళ్ళనీ నిషేధించింది. అంటే నాలుగేళ్ళ పాటు ఆ సర్టిఫికెట్ చెల్లుబాటయింది. ముద్ర ఉన్న కాగితం కూడా రుజువు కాదు. దాని వెనక ఏముంది అన్నదే రుజువు.

పెద్దవాళ్ళనీ ఈ ప్రశ్న వదల్లేదు. 14 శిఖరాలూ ఎక్కినవాళ్ళ ఫోటోలని ఎబర్‌హార్డ్ యుర్గాల్‌స్కీ అనే జర్మన్ పరిశోధకుడు ఏళ్ళ తరబడి పరీక్షించి, 2022లో, చాలామంది కొన్ని శిఖరాల మీద అసలు చివరి బిందువుకి కొద్ది మీటర్ల ముందే ఆగిపోయారన్నాడు. 2023లో గిన్నిస్ వాళ్ళు మెస్నర్ పేరు కూడా మార్చారు. పెద్ద వివాదం నడిచింది. ఆ వివాదంలో ఎవరి పక్షం తీసుకున్నా, మెస్నర్ అంతటివాణ్ణి కూడా ఫోటో చూపించమని అడగగలగడం మంచి సంప్రదాయం. మన ఆధ్యాత్మిక రంగంలో ఎవరినైనా అలా అడగనిస్తారా?

కైలాసం ఎవరూ ఎందుకు ఎక్కలేదు?

ఎవరెస్టుని వేలమంది ఎక్కారు, అంతకన్నా రెండు వేల మీటర్లు తక్కువ ఉన్న కైలాసాన్ని ఒక్కడూ ఎక్కలేకపోయాడు, ఇదే శివుడి మహిమ అని వాట్సాప్‌లో నెలకోసారైనా వస్తుంది. వెళ్ళినవాళ్ళ గోళ్ళు, జుట్టు గంటల్లో పెరిగిపోతాయట. అది మనుషులు కట్టిన పిరమిడ్ అని రష్యన్ శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడట. ఆ రష్యన్ కంటి డాక్టరు, భూగర్భ శాస్త్రజ్ఞుడు కాదు.

"ఎక్కలేకపోయారు" అనడానికీ "ఎక్కలేదు" అనడానికీ తేడా ఉంది. 1980లలో మెస్నర్‌కి చైనా అనుమతి ఇవ్వబోతే ఆయనే వద్దన్నాడు. 2001లో ఒక స్పానిష్ బృందానికి అనుమతి వచ్చిందన్న వార్త రాగానే ప్రపంచమంతా నిరసన తెలిపింది. చైనా ఆరోహణనే నిషేధించింది. ప్రయత్నమే జరగని చోట ఓటమి ఎక్కడిది? భూటాన్‌లో గంగ్‌ఖర్ పుయెన్‌సుమ్ 7570 మీటర్లు. దాన్నీ ఎవరూ ఎక్కలేదు. 2003 నుంచి ఆ దేశంలో పర్వతారోహణే నిషేధం. దాని మహిమ గురించి మనకి ఎవరూ మెసేజ్ పంపరు, ఎందుకంటే అది మన దేవుడిది కాదు.

గోళ్ళ సంగతి అయితే ఒక స్కేలు చాలు. 1981 నుంచి మన ప్రభుత్వమే యాత్ర నడుపుతోంది, 2020 నుంచి 2024 దాకా తప్ప. వేలమంది వెళ్ళారు. బయలుదేరే ముందు, తిరిగొచ్చాక గోరు కొలిచి చూపించినవాడు ఒక్కడూ లేడు.

అలాగని భక్తుల మనసు లెక్కచెయ్యకుండా కైలాసం ఎక్కితీరాలని మనం అనడం లేదు. 1955లో కాంచనజంగ ఎక్కిన బ్రిటిష్‌వాళ్ళు సిక్కిం ప్రజలకి మాట ఇచ్చి చివరి కొద్ది అడుగులు వదిలేశారు. ఆ మర్యాదని మనం మెచ్చుకోవచ్చు. మర్యాద మనుషులకి ఇచ్చేది. దాన్ని మహిమకి రుజువుగా చూపిస్తే మాత్రం ఒప్పుకోం.

పూర్ణ, ఛందా

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాలకి చెందిన లంబాడా బాలిక మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ 11 నెలల వయసులో, ఖమ్మం జిల్లా కుర్రవాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొందారు. అంత చిన్న పిల్లని పంపడం సబబా అన్న ప్రశ్న అప్పుడు వచ్చింది, అది న్యాయమైన ప్రశ్నే. నేపాల్ వైపు 16 ఏళ్ళలోపు వాళ్ళని ఎక్కనివ్వరు, అందుకే టిబెట్ దారి.

సరిగ్గా ఐదు రోజుల ముందు, మే 20న, హౌరాకి చెందిన ఛందా గాయెన్ కాంచనజంగ ఎక్కి, పక్కనున్న యాలుంగ్ కాంగ్ వైపు వెళ్తూ మంచు విరిగిపడి ఇద్దరు షెర్పాలతో సహా పోయింది. మృతదేహం దొరకలేదు. పూర్ణ దిగివచ్చాక దేవుడి దయ అన్నవాళ్ళు ఉన్నారు. ఛందా విషయంలో ఆ దయకి ఏమయింది? ఛందా కోసం మొక్కుకున్నవాళ్ళు లేరా? బతికివచ్చినవాళ్ళే మొక్కు తీర్చి కథ చెబుతారు. రానివాళ్ళ మొక్కులు లెక్కలోకి రావు. ఒక వైపు లెక్కే రాసే ఖాతా ఎప్పుడూ లాభమే చూపిస్తుంది.

పూర్ణని పైకి చేర్చింది ఒక ప్రభుత్వ పాఠశాల, శిక్షణ ఇచ్చిన శేఖర్‌బాబు, తాడు కట్టిన షెర్పాలు, ఆ పిల్ల ఊపిరితిత్తులు. తరతరాలుగా మీకు చదువు తగదని శాస్త్రం పేరుతో చెప్పినవాళ్ళకి ఆ జవాబు 8848 మీటర్ల ఎత్తు నుంచి వచ్చింది. దాన్ని మళ్ళీ దేవుడి ఖాతాలో వెయ్యడం అంటే సర్వే గ్రంథంలోంచి సిక్దార్ పేరు తీసెయ్యడం లాంటిదే.

కాబట్టి మిత్రులారా, ఈసారి ఎవరైనా ఏ కొండ గురించి ఏ మహిమ చెప్పినా కోప్పడకండి. మూడే ప్రశ్నలు అడగండి. ఎవరు కొలిచారు? ఎలా కొలిచారు? మనం మళ్ళీ కొలిచి చూడవచ్చా? మూడో ప్రశ్నకి అవును అని జవాబు వస్తే ఆ మాట వినదగ్గది. రాకపోతే మాట మార్చి టీ తాగండి.